ఇరుసుకి కట్టిన తాడు

ఆ మధ్యాహ్నం ద్రాక్షారామం దారిలో కాలువ గట్టు మీద ఉన్నవి: ఒక రెండెడ్ల బండి. అందులో తూము తలుపు ఎత్తే ఇనుప మరకడ్డీ, ఇరవై మణుగుల బరువు. కాడి విప్పిన రెండు ఎడ్లు, నెమరు వేస్తూ. ఉన్నవారు: బండి సొంతదారైన పెద్ద రైతు. కాలువలో పెంకుల పడవ నడిపే సరంగు. గట్టు మీద నడుస్తూ ఆ పడవని తాడుతో లాగే ఆరుగురు. వీళ్ళు కాక నేను, మద్రాసులో చదువుకుని వచ్చి మూడు నెలలైన ఓవర్సీరుని, నెత్తిన కొత్త టోపీతో.

బండి గేదెలు దిగే రేవు దగ్గర దిగబడింది. చక్రాలు బొడ్డు దాకా బురదలో ఉన్నాయి.

కాలువ నిండుగా ఉంది. కానీ పాత మరకడ్డీ విరగడంతో తూము తలుపు మూసుకుపోయి, రైతు నారుమడికి నాలుగు రోజులుగా చుక్క నీరు లేదు. నారు కొసలు పండుబారాయి. ఇంకో రెండు రోజులు ఆగితే ఈ ఏటికి నాట్లు లేనట్టే. అందుకే కొత్త కడ్డీ తేవడానికి తన బండే కట్టుకొచ్చాడు.

"మేం లాగుతాం లెండి. ఆయ్, రోజూ చేసే పనే కదండీ," అన్నాడు సరంగు.

నేను చక్రాల లోతు కొలిచి పుస్తకంలో రాసుకునేలోపు వాళ్ళు తాడు కట్టేశారు. ఎక్కడ? బండి అంచుకి నిలువుగా బిగించిన వెదురు గుంజ కొసకి! పడవ తాడు ఎప్పుడూ తెరచాప కొయ్యకే, ఎత్తున కడతారు, గట్టు మీది తుప్పలకి తగలకుండా. చేతులకి అదే అలవాటు.

"ఆగండి, అక్కడ కాదు..." అన్నాను.

"హైలెస్సా!" అన్నారు ఆరుగురూ.

గుంజ ఫెళ్ళున విరిగింది. లాగేవాళ్ళు ఆరుగురూ వరసగా, ఒకే కొలతలో, బోర్లా పడ్డారు. విరిగిన ముక్క నా టోపీని ఎత్తుకుని కాలువలోకి పోయింది. జానెడు కిందికి వచ్చుంటే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

బురద ముఖాలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ముందు ఎవరు నవ్వారో తెలియదు.

"తెరచాప కూడా కట్టకపోయారా మావా, గాలికే పోయేది బండి!" అన్నాడు రైతు. నవ్వుతూనే నా వైపు తిరిగాడు. "బాబుగారూ, పొద్దు వాలుతోందండి."

చదివినదంతా ఒక్కసారిగా నాలుక మీదికి వచ్చింది. బరువంతా మోసేది ఇరుసు, కాబట్టి లాగాల్సింది కూడా ఇరుసునే. రెండు చక్రాల లోపలి పక్కన చెరో తాడు కట్టించి, రెండింటినీ ముందు ఒకే ముడిలో కలిపించాను. చక్రాల ముందు బురద తవ్వించి తాటాకులు పరిపించాను. తెగినా ఎగిరి కొట్టకుండా తాడు మీద తడిపిన గోనె వేయించాను.

"తాడుకి చలేస్తోందాండీ?" అన్నాడు సరంగు.

నా లెక్కలో ఒకటి తప్పింది. కాడి ఎత్తి పట్టుకోమని రైతుని నిలబెట్టాను గానీ, మరకడ్డీని కట్టించడం మరిచిపోయాను. బండి ఒక్క ఊపున పైకి రాగానే కడ్డీ వెనక్కి జారింది, కాడి ఆకాశానికి లేచింది, దాంతోపాటు రైతూ!

"మావా, ఎక్కడికి పోతన్నావు?" అని అరిచారు కిందినుంచి.

"నారుమడికే, దారి చూపించండ్రా!" అన్నాడాయన, కాళ్ళు గాలిలో ఆడిస్తూ.

నలుగురు కాళ్ళు పట్టి దించారు. కడ్డీని రెండు చోట్ల కట్టించాను.

పడవని రేవులో వదిలేసి సరంగుతో సహా అందరూ తూము దాకా వచ్చారు. పెంకులెక్కడికీ పోవన్నాడు. పాత కడ్డీ తీసి కొత్తది బిగించి, పిడి పట్టుకుని వంతులవారీగా తిప్పాం. ప్రతి చుట్టుకీ అందరం గొంతెత్తి లెక్కపెట్టాం. పదకొండో చుట్టుకి తలుపు కింద నీళ్ళు బుసకొట్టాయి. రైతు పంచె ఎగ్గట్టి బోదె కాలువ వెంట నీళ్ళకంటే ముందు పరుగెత్తాడు, నారుమడి గండి తెరవడానికి. ఆయన కేక వినిపించే వేళకి మేము ఇంకా తిప్పుతూనే ఉన్నాం.

తలుపు పూర్తిగా లేవడానికి పట్టిన చుట్లు నలభై మూడు.