జరీనా వయొలిన్

ఈ పొద్దున నా వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని ఫోన్‌లో శ్రుతి మోగించానో లేదో, గోడకున్న పాత వయొలిన్ సన్నగా పలికింది. ఒక్కసారిగా మస్తాన్ మాస్టారి గదిలోని, కమానుకు రాసే రోజిన్ వాసన ముక్కుకు తగిలింది.

కైకలూరు నేస్తాలూ, మాస్టారి హాజరు గుర్తుందా? హార్మోనియం, వయొలిన్, మాండలిన్ అన్నీ నేర్పేవారు, మనకోసం పాటలు కట్టేవారు. కానీ ఏనాడూ పేర్లు పిలవలేదు. హార్మోనియం మీద 'స' నొక్కేవారు. శ్రుతి కలిసిన తీగలు మన ఒళ్ళో వాటంతటవే మోగేవి. మోగకపోతే మనం రానట్టే లెక్క.

మనతోపాటు వయొలిన్ నేర్చుకున్న జరీనా జ్వరంతో పోయాక ఆమె వయొలిన్‌ని మాస్టారు గోడకు తగిలించారు. కొల్లేటి తేమకు వారం తిరక్కుండానే శ్రుతి జారిపోవాలి కదా! వానాకాలమంతా అది రోజూ హాజరు పలికింది.

"మీరే శ్రుతి చేస్తున్నారాండీ?" అని ఒకరోజు భయంభయంగా అడిగాను.

"నేను ముట్టుకోలేదమ్మా. నువ్వేమో అనుకుంటున్నాను," అన్నారు మాస్టారు. ఆ పూట పాఠం సాగలేదు.

మాస్టారు పోయాక వాళ్ళమ్మాయి దాన్ని నాకిచ్చింది. ఏలూరులో మా హాల్లో తగిలించానే గానీ, ఒక్కనాడూ దాని తీగలు బిగించలేదు.

అది పలికినందుకు కాదు నా భయం. నిన్న సాయంత్రమే శ్రుతి చేసుకున్న నా వయొలిన్ ఒళ్ళోనే ఉంది. 'స' మోగుతూనే ఉంది. నా తీగ మాత్రం కదల్లేదు.

మాస్టారి లెక్కన ఈ పొద్దున జరీనా వచ్చింది. రానిది నేనే.