కోళ్లకు కొత్త చిప్ప

అమ్మ పెంచే ఆరు కోళ్ల కోసం నకిరేకల్‌లో మేత డబ్బా, నీళ్ల డబ్బా చూస్తున్నాను. "గీ మట్టి చిప్ప తీస్కోండి మేడం, అగ్గువ" అన్నాడు దుకాణదారు. దాన్ని చూడగానే ఒళ్లు మండిపోయింది.

మన ఈడు వాళ్లకు గుర్తుందా, దోసిలి పట్టి నీళ్లు తాగడం? అమ్మ దొర ఇంటి పెరడు ఊడ్చేది. మాకు దాహమైతే దొరసాని చెంబెత్తి పైనుంచి పోసేది. సగం నీళ్లు మోచేతుల మీదుగా కారిపోయేవి. కోళ్లకు మాత్రం సొంత చిప్ప, నిండా నీళ్లు. ఒక ఎండాకాలం ఆగలేక ఆ చిప్పలోనే చెయ్యి ముంచి తాగాను.

"నువ్వు ముట్టినంక గా నీళ్లు నా కోళ్లెట్ల తాగుతయే?" అని దొరసాని అరిచింది. చిప్పను అమ్మ చేతనే గోడవతల పారేయించి, కోళ్లకు కొత్తది తెచ్చి పెట్టింది. అమ్మ తల వంచుకుని మళ్లీ ఊడ్చింది.

ప్లాస్టిక్ డబ్బాలే కొనుక్కొచ్చాను. నీళ్ల డబ్బాను అమ్మ అంచుదాకా నింపి కోళ్ల ముందు పెట్టింది. తర్వాత తనకు దాహమేసి నల్లా కింద దోసిలి పట్టింది. పక్కనే గోడ మీద గ్లాసుంది.

"గ్లాసుంది గదా అమ్మా!" అని అరిచాను.

"నాకు గిట్లనే అలవాటు బిడ్డా" అంది.