డ్రైవరు పక్క సీటు

మా మామయ్య ఉద్యోగమంతా సిటీ బస్సు నడిపాడు. స్టాపు కనిపిస్తే ఆపడం, కండక్టరు "రైట్ రైట్" అంటే కదిలించడం. అత్తయ్య ఆ బస్సు ఎన్నిసార్లు ఎక్కినా వెనకెక్కడో కూర్చునేది. డ్రైవరుతో మాట్లాడరాదని ఎదురుగా బోర్డు ఉండేది మరి. మామయ్యకు రూల్సంటే ప్రాణం, పెళ్లానికైనా మినహాయింపు లేదు.

రిటైరైన వెంటనే ఒక డాక్టరుగారి షెడ్డులో దుమ్ముకొట్టుకుపోయిన ఇంగ్లండు స్పోర్ట్స్ కారు కొనేశాడు. ఆకుపచ్చది, పాతకాలంది, టాపు లేదు, రెండే సీట్లు.

"మరి నేనో?" అన్నాను.

"నాకొకటి, మీ అత్తకొకటి. నువ్వు స్కూటరు మీద రా."

ఏడాదిపాటు దాని కిందే పడుకున్నాడు. నట్లన్నీ అంగుళాల కొలతలవి, ఇంట్లో ఉన్న స్పానరు ఒక్కటీ పట్టదు. నూనె కారని చోటు లేదు. అత్తయ్యకు ఒళ్లు మండిపోయింది.

"ఆదివారం దీన్ని కొండమీద మా అక్కావాళ్లింటిదాకా ఎక్కించండి. ఎక్కితే ఉంచుకోండి, ఎక్కకపోతే పాత ఇనుముకి ఇచ్చేయండి," అని తేల్చేసింది. ఆవిడ అన్నదంటే అన్నదే.

ఆదివారం బయల్దేరారు. వెనక స్కూటరు మీద నేను. మొదటి బస్టాపు రాగానే మామయ్య ఆపి, ఎవరో చెప్పాలన్నట్టు కాసేపు కూర్చున్నాడు. రెండోదాని దగ్గరా అంతే. పాపం, కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతోంది! మూడోది సరిగ్గా ఎత్తు మధ్యలో ఉంది. అక్కడ ఇంజను కూడా ఆగిపోయింది. తాళం తిప్పితే మూలుగుతుందే కానీ లేవదు.

"డ్రైవరుగారూ, ఇంకో ఇద్దరికి చోటుందా?" అన్నాడొకాయన. స్టాపులో జనం పగలబడి నవ్వారు. అత్తయ్య మొహం కందగడ్డయింది. పాత ఇనుము కొట్టు తలుచుకుని నాకు ఏడుపొచ్చింది.

మామయ్య మాత్రం వెనక్కి తిరిగి, "స్కూటరు పక్కకి తియ్యవే!" అని అరిచాడు. క్లచ్చు నొక్కి, రివర్సు గేరు వేసి, బ్రేకు వదిలేశాడు. కారు వెనక్కి జారింది. టక్కున క్లచ్చు వదిలాడు. ఇంజను గర్జించి లేచింది. మొరాయించిన బస్సుల్ని ఎత్తులో అలాగే లేపేవాడట.

ఇంకాస్త పైకి ఎక్కామో లేదో మళ్లీ బస్టాపు. కారు వెనక ఎర్రలైటు వెలిగింది. మళ్లీ బ్రేకు మీదే కాలు!

అత్తయ్య కారు తలుపు మీద దబదబా బాది, "రైట్ రైట్! పోనీండి!" అని కేకేసింది.

కారు దూసుకుపోయింది. ఆ తర్వాత ప్రతి స్టాపు దగ్గరా అదే కేక, మధ్యమధ్యలో ఆవిడ ఆగని కబుర్లు. మామయ్య నవ్వుతూ ఊకొడుతున్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

కొండమీద వాళ్లక్క గేటు తీసి నిలబడింది. అత్తయ్య దిగలేదు.

"నువ్వు కాఫీ పెట్టక్కా, మేం ఇంకో ట్రిప్పు వేసొస్తాం!"