డోలీకి కింది కొస

దర్జీలు నా చొక్కా చేతులు ఎప్పుడూ పొట్టిగానే కుట్టారు. విజయనగరంలో చదివిన నాలుగేళ్లలో ముగ్గురిని మార్చాను. ముగ్గురూ గుడ్డ ముడుచుకుపోయిందనే అన్నారు.

తప్పు గుడ్డది కాదని విశాఖపట్నంలో ఒక డాక్టరు తేల్చాడు. మా నాన్న ముప్పై రెండో ఏట విస్తరి ముందు, మా అన్నయ్య ఇరవయ్యారో ఏట నూతి దగ్గర, రొమ్ము పట్టుకుని కూలిపోయారు. ఇద్దరూ నాలాగే పొడుగు, సన్నం, సాలీడు కాళ్లలాంటి వేళ్లు. డాక్టరు నా రొమ్ము మీద గొట్టం పెట్టి, మర్యాదకు మించినంతసేపు విన్నాడు. గుండెలోంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, పలచబడిన సైకిలు ట్యూబులా, ఒకచోట ఉబ్బుతున్నట్టుందన్నాడు. మీ ఇంటి పొడుగుకీ దీనికీ సంబంధముందని పుస్తకాల్లో లేదు, నాకు అనుమానం అన్నాడు. మందు లేదట. బరువులెత్తవద్దు, కొండలెక్కవద్దు అన్నాడు. అంతకు వారం ముందే నాకు అరకు కొండల్లో బడులు తనిఖీ చేసే ఉద్యోగం వచ్చింది. అప్పటికి నాకు ఇరవయ్యయిదు. అన్నయ్య లెక్కన ఇంకో ఏడాది.

డోలీ ఎక్కాను. వెదురుబొంగుకు దుప్పటి కట్టి ఇద్దరు మోస్తారు. అప్పుడే దొరతనం వచ్చేసిందని తోటి గుమాస్తాలు నవ్వుకున్నారు. కారణం చెబితే ఉద్యోగం ఊడుతుంది కనుక నేనూ నవ్వాను. డోలీలో పడుకున్నా మణికట్టు మీంచి వేళ్లు తీసేవాణ్ని కాదు. నాడి చూసుకోవడం, ఒత్తిగిలడం, లేచి కూర్చోవడం. బరువు కుదురుగా ఉండటం లేదని మోసేవాళ్లు విసుక్కున్నారు.

ఆ రోజు అనంతగిరి ఎక్కుతున్నాం. ఎక్కేటప్పుడు పొడుగాటివాణ్ని వెనక పెట్టడం వాళ్ల పద్ధతి. లేకపోతే డోలీ నేలకు రాసుకుంటుంది. బరువంతా ఆ కింది కొస మీదే పడుతుంది. ఆ కొసన నా ఈడువాడు, నాకెదురుగా. బొంగు చుట్టూ తిరిగి వచ్చిన అతని సన్నటి పొడుగు వేళ్లు బొటనవేలి మీదికి ఎక్కి ఉన్నాయి. అవి మా అన్నయ్య వేళ్లు.

మీ నాన్న ఏంచేస్తాడని ఊరికే అడిగినట్టు అడిగాను. ఆయనా కింది కొసే మోసేవాడట. ఒకనాడు డోలీ దించి, రొమ్ము పట్టుకుని కూర్చుని, మళ్లీ లేవలేదట. పెద్దన్నా అంతేనట. కొండదేవతకు కోపమని కోడిని కోశారట.

దించమన్నాను. ఎవరికీ చెప్పనిది అతనికి చెప్పాను. సైకిలు చూడని మనిషి కనుక, వాగు ఒత్తిడికి గట్టు ఉబ్బడంతో పోల్చాను. నువ్వు మొయ్యకూడదు, నేను నడుస్తానన్నాను. డాక్టరు నాకేం చెప్పాడో కూడా దాచలేదు.

ముందు మోసే ముసలాయన చుట్ట వెలిగించుకున్నాడు. ఇతను నా చేతులు చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. పైన ఇంకా సగం కొండ ఉంది.

"నువ్వు నడిస్తే నువ్వు సత్తావు, మోస్తే నాను సత్తాను. ఎవులు ముందో బేగి సెప్పు బాబూ, పొద్దు పోతంది."