తోమి తోమి అరిగిన నంబరు

1965లో అబిడ్స్‌లోని ఒక మోటారు కాగితాల ఏజెంటు దగ్గర నంబర్ల అచ్చులు తీసే పనిలో చేరాను. అంతకుముందు ఆ గదులే ఊడ్చేదాన్ని. చదివింది నాలుగో తరగతి. అంకెల్లో మాత్రం తప్పు రానివ్వను. కారు ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మారాలంటే చాసిస్ నంబరు, అంటే బండి చట్రానికి కంపెనీవాళ్లు కొట్టిన నంబరు, రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉన్నదానితో కలవాలి. చూసి ఎత్తి రాస్తే చెల్లదు. నంబరు మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిలు అడ్డంగా పెట్టి రుద్దితే అంకెలు తేలతాయి. ఆ కాగితాన్ని ఫారానికి అంటించాలి. అదీ నా పని. తోటివాళ్లు సగంలో పారేసిన పెన్సిళ్లు ఏరుకుని, గోరంత అయ్యేదాకా వాడేదాన్ని.

మూడేళ్లకు నాంపల్లి నుంచి ఒక రిటైరైన వకీలుగారి కారు వచ్చింది. ముప్పై ఏళ్లు దాటిన ఇంగ్లీషు బండి. అన్నగారి పేరున ఉండేది. ఆయన పోయాక తన పేరుకు మార్చుకోవాలని వకీలుగారి కోరిక. ఇంజను నంబరు పుస్తకంతో కలిసింది. చట్రం మీద నంబరు ఉండాల్సిన చోటును తుప్పు తినేస్తే ఎవరో వెల్డింగు చేయించారు. ఇక మిగిలింది ఇంజను వెనక రేకుకు రివెట్లతో బిగించిన ఇత్తడి బిళ్ల. దాని మీదా అదే నంబరు కొడతారు. అది అద్దంలా మెరుస్తోంది, ఒక్క గీత లేదు. మూడుసార్లు రుద్దాను. కాగితం నల్లబడింది, అంకె రాలేదు. ఫారంలో 'నంబరు లేదు' అని రాశాను.

ఆ రెండు మాటలే బండి పీకకు చుట్టుకున్నాయి. బండ్లు తనిఖీ చేసే అధికారిని అందరూ బ్రేక్ ఇన్‌స్పెక్టరు అనేవారు. ఆయన ఫారం చూసి, "లేదని మీరే రాశారు కదమ్మా. నంబరు లేని బండికి రిజిస్ట్రేషన్ రద్దే. ఆ తర్వాత తుక్కు కింద పోవాల్సిందే. సోమవారం దాకా చూస్తాను" అన్నారు.

ఈ కబురు చెప్పడానికి వకీలుగారింటికి నేనే వెళ్లాను. ఆయన మండిపడ్డారు. "ఏందమ్మా, నాది దొంగ బండా? గీ బండి మీదనే నేను డ్రైవింగు నేర్చుకున్న!"

బిళ్ల సంగతి చెప్పగానే ఆయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గది నేనే తోమిన. పెండ్లయి వచ్చినకాంచి ప్రతి దసరాకు చింతపండు పెట్టి, బూడిద పెట్టి తోమి బొట్టు పెడుతున్న. బంగారం లెక్క మెరుస్తుండె."

"కోర్టుల ఎందరు దొంగలను పట్టిన! ఇంట్ల దొంగను పట్టలే."

"మెరుస్తుంటే మురిసిందెవరు? బండి పక్కన నిలబడి ఫొటో దిగిందెవరు?"

ఆవిడ నాకు ఇత్తడి గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చింది. అదీ అలాగే తోమినది. మన ఇళ్లలో గిన్నెల మీద పేర్లు కొట్టిస్తాం కదా, దాని మీద పేరు పూర్తిగా అరిగిపోయింది. నీళ్లు తాగి గ్లాసు కడుగుతుంటే లోపల నా వేళ్లకు చుక్కలు చుక్కలుగా ఏదో తగిలింది. వెలుతురులో పెట్టి చూశాను. బయట నుంచి ఉలితో కొట్టిన దెబ్బలు లోపలికి ఉబ్బి, పేరంతా అక్కడే ఉంది, కాకపోతే తిరగేసి.

"వకీలుగారూ, సోమవారం బండి తీసుకురండి. బిళ్ల మీద చెయ్యి పడిందో, నేను రాను" అన్నాను.

"ఎవరి చెయ్యి?" అని ఆయన భార్య వైపు చూశారు.

బిళ్ల ముందే ఊడదీస్తే ఇంకో బండిదని అనుమానం వస్తుంది. అందుకని తనిఖీ మైదానంలో, ఇన్‌స్పెక్టరుగారి కళ్ల ముందే మెకానిక్ చేత నాలుగు రివెట్లూ తీయించాను. వెనక వైపు జిడ్డు కిరోసిన్‌తో తుడిచి, కాగితం పరిచి రుద్దాను. అంకెలు లేచాయి.

"అన్నీ అటుదిటు ఉన్నాయి కదమ్మా" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

కాగితం తిప్పి ఎండకు ఎత్తి పట్టాను. వకీలుగారు పుస్తకం చూసి ఒక్కో అంకె చదివారు, నేను కాగితం చూసి చదివాను. అంకె కలిసినప్పుడల్లా ఆవిడ "ఔ!" అని అరిచింది. ఆఖరి అంకెకు మైదానంలో ఉన్న లారీ డ్రైవర్లు కూడా "ఔ!" అన్నారు. ఇన్‌స్పెక్టరుగారు నవ్వు ఆపుకోలేక టోపీ తీశారు. బిళ్లను ఫైలుకు జతచేసి, చట్రం మీద అదే నంబరు కొత్తగా కొట్టించమని రాశారు.

"అమ్మా, ఇకమీద ఆ కొత్త నంబరుకు బొట్టు పెట్టండి చాలు" అని ఆవిడతో అన్నారు.

"జర తుడవనన్నా తుడవొద్దా సారూ?"

"వద్దు!" అన్నాం అందరమూ.

ఆ సాయంత్రం వకీలుగారు నన్ను కూడా ఎక్కించుకుని అబిడ్స్ చుట్టూ మూడు రౌండ్లు కొట్టారు. పెట్రోలు దండగని మొదటి రౌండులోనే చెప్పాను. వినలేదు. నేనూ దిగలేదు.

ఆ తర్వాత పనిలో ఉన్నన్నాళ్లూ ఏ ఫారంలోనూ 'నంబరు లేదు' అని రాయలేదు. 'కనపడలేదు' అని రాసి, ఎక్కడెక్కడ చూశానో దాని కింద రాసేదాన్ని. చూడని చోటు ఏదైనా ఉంటే అదీ రాసేదాన్ని.