రెప్పలతో ఆడిన ఆట

రోడ్డు దాటి ఇవతలికి వచ్చాక వెనక నుంచి ఎవరో కేకేశారు. "టీచరమ్మా, నీ చెప్పు!" తిరిగి చూస్తే నా ఎడమ చెప్పు హైవే మధ్యలో పడి ఉంది. అది కాలి నుంచి ఎప్పుడు జారిందో నాకు తెలియలేదు. ఎండకు కాగిన తారు మీద ఒట్టి కాలితో నడిచి వచ్చాను, మంట కూడా తగల్లేదు. నాకు ఏదో అయిందని మొదటిసారి అనిపించింది అప్పుడే.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. చిట్యాలలో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పేదాన్ని. మా బాపు పరుపులు కుడతాడు. అక్క హుసేనాకు పెళ్లై ఆత్మకూరులో ఉండేది. ఆ చెప్పు జారడానికి కొద్దిరోజుల ముందు నాకు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. అంతకు మించి జబ్బంటూ ఏమీ లేదు.

ఇంటికొచ్చి గడప దాటబోతే కాలు లేవలేదు. అమ్మ చూసింది. "ఏమైందే రజియా, గట్ల ఈడ్చుకుంట నడుస్తున్నవ్?"

"కాళ్లల్ల చీమలు పాకినట్టైతాందే."

మా వీధిలో సూదులు వేసే ఆయన వచ్చి చూశాడు. "నీరసం బిడ్డా. సూది ఇస్త, రేపటికల్ల మంచిగైతది" అన్నాడు. తెల్లారి కింద కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. సాయంత్రానికి చేతిలో గ్లాసు నిలవలేదు. బాపు ఆటో తెచ్చి, నన్ను ఎత్తి కూర్చోబెట్టి నల్లగొండ తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరు చిన్న సుత్తితో నా మోకాళ్ల మీద కొట్టాడు. కాళ్లు కదల్లేదు. మళ్లీ కొట్టాడు. బాపు వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. "రిఫ్లెక్సులు లేవు. ఇది కాళ్లతోని ఆగదు, ఊపిరి దాక పోతది. ఇంటికి పోకుండ్రి, ఇట్లనే హైదరాబాద్ పోండ్రి."

హైదరాబాద్ పెద్ద దవాఖానలో నన్ను పక్కకు తిప్పి, వెన్నులోంచి నీళ్లు తీశారు. చేతులకు, కాళ్లకు వైర్లు పెట్టి కరెంటు ఇచ్చి చూశారు. నరాల డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి నాతోనే మాట్లాడింది. "దీన్ని గీలన్ బారీ సిండ్రోమ్ అంటారు. జీబీఎస్. విరేచనాలు తగ్గాక ఒక్కోసారి ఇది వస్తుంది, నీ ఒంట్లో ఉన్న రక్షణ శక్తే నీ నరాల మీద పడింది. చాలామందికి తగ్గుతుంది. కానీ తగ్గే ముందు ఇంకా పెరుగుతుంది. భయపడకు అని చెప్పను, ఓపిక పట్టు అని చెప్తాను."

ఆమె చెప్పినట్టే పెరిగింది. మింగలేకపోయాను. మాట ముక్కులోంచి వచ్చింది. ఒకటి నుంచి ఇరవై వరకు ఒక్క ఊపిరిలో లెక్కపెట్టమని గంట గంటకూ అడిగేవారు. ఆరు దగ్గర ఆగిపోయిన రోజు వెంటిలేటర్ పెట్టారు. కొన్ని రోజుల తర్వాత గొంతు దగ్గర రంధ్రం చేసి, ట్రేకియాస్టమీ అన్నారు. రక్తంలోని ప్లాస్మా మార్చారు. నాకు అన్నీ వినబడేవి, అన్నీ తెలిసేవి. కదిలేవి కనురెప్పలు మాత్రమే.

అక్క ఆత్మకూరు నుంచి వచ్చింది. ఐసీయూలోకి పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఒక్కరినే పంపేవారు. అమ్మ లోపలికి వస్తే ఏడుస్తుందని అక్కే వచ్చేది. మొదటి రోజు నా చెయ్యి పట్టుకుంది. తర్వాత వంగి చెవి దగ్గర అంది.

"రజియా, మనం ఊరి బయట ఉన్నం. ముంగట జున్నుముక్క వచ్చింది. కొడదామా? కొడదామంటే ఒక్కసారి రెప్ప కొట్టు. ఉరుకుదామంటే రెండుసార్లు."

ఆ జున్నుముక్క సంగతి చెప్పాలి. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, సౌదీలో డ్రైవరు పని చేసే మా మామ సెలవుకు వస్తూ ఒక వీడియో గేమ్ డబ్బా తెచ్చాడు. దాంతో ఒకటే కాసెట్. అక్షరాలన్నీ జపాను భాషలో ఉన్నాయని మామే చెప్పాడు. కత్తి పట్టుకున్న ఒక చిన్న మనిషి పొలాలు, అడవులు, ఊళ్లు తిరుగుతాడు. దారిలో జున్నుముక్కలాగా వణికే జంతువులు ఎదురొస్తాయి. ఊళ్లో మనుషులు ఏదో చెబుతారు. మాకు ఒక్క ముక్క అర్థం కాదు. అందుకని అన్నీ మేమే కల్పించుకున్నాం. నిద్రపోయి బలం తెచ్చుకునే ఇంటామెను అవ్వ అన్నాం. కిరీటం పెట్టుకున్నాయన ఎప్పుడూ అదే మాట చెబుతాడని నసముసలాయన అన్నాం. అక్క ఒక్కొక్కరికి ఒక గొంతు పెట్టి మాట్లాడేది. రెండేళ్లు ఆడాం. వంతెన దాటి సముద్రం దాకా పోయాం, దాని మీద పోయే పడవ ఎక్కడ దొరుకుతుందో తెలియలేదు. ఇంతలో అక్క పెళ్లి అయింది. డబ్బా ఆమె సామానుతో పాటు ఆత్మకూరు పోయింది.

ఆ ఆటను ఇప్పుడు అక్క తెర లేకుండా నా చెవిలో ఆడుతోంది. ఒక్కసారి రెప్ప కొట్టాను.

"కొట్టినవ్. అది సచ్చింది. జర దెబ్బ నీకు గూడ తాకింది. అవ్వ ఇంటికి పోయి పండుకుందామా?"

ఒక్కసారి కొట్టాను. నిజంగానే నిద్రపట్టింది.

అలా రోజూ నడిచింది. నర్సమ్మ ఒకసారి అడిగింది, "ఏం ముచ్చట్లమ్మా అవి?" అని. అక్క సిగ్గుపడి, "చిన్నప్పటివి సిస్టర్" అంది. మధ్యలో నాకు న్యుమోనియా వచ్చింది. జ్వరంలో అక్క చెప్పేది అందేది కాదు. రెప్ప వెయ్యడానికి కూడా ఓపిక లేని రోజులవి. అప్పుడు ఆమె ఆట ఆపి, "నువ్వు అవ్వ ఇంట్ల పండుకున్నవ్, నేను బయట కూసున్న" అని మాత్రం చెప్పి పోయేది.

జ్వరం తగ్గింది. భుజాలు కదిలాయి. ఒకరోజు వెంటిలేటర్ కాసేపు తీసి చూశారు, మరుసటి రోజు ఇంకాసేపు. గొంతులో గొట్టం తీసేశాక నేను అన్న మొదటి మాట "నీళ్లు". అది నా గొంతులాగా లేదు. డాక్టరమ్మ నవ్వింది. "ఇకనుంచి పని నీది. నరం రోజుకు వెంట్రుక వాసి పెరుగుతుంది. తొందరపెట్టినా అంతే."

చిట్యాలకు అంబులెన్సులో పడుకునే వచ్చాను. మడమలు ఒరుసుకుపోకుండా బాపు మెత్తటి దూదితో చిన్న చిన్న దిండ్లు కుట్టి కాళ్ల కింద పెట్టాడు. పూటకోసారి వచ్చి వాటిని సరిచేసేవాడు. ఫిజియోథెరపీ ఆయన వారానికోసారి వచ్చేవాడు. వేళ్లు ఆడించమని చెప్పేవాడు. బంతి నొక్కమంటే విసుగొచ్చేది. అక్క ఆత్మకూరు పోయి రెండు రోజుల్లో తిరిగొచ్చింది, చేతిలో ఆ డబ్బా ఉంది.

చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించింది. ఆట మొదలైంది గానీ, అప్పట్లో ఎక్కడిదాకా ఆడామో మేం దాచుకున్నదంతా పోయింది. కాసెట్ లోపల ఉండే బ్యాటరీ చచ్చిపోయిందట. ఇక ఆడినంతసేపే. కరెంటు పోతే మళ్లీ మొదటి ఊరు.

నా బొటనవేలికి బటన్ లోపలికి దిగేది కాదు. రెండు చేతులూ కలిపి నొక్కేదాన్ని. మిగతా ఆటల్లో అయితే ఈపాటికి చచ్చేదాన్ని. ఇందులో మనం నొక్కేదాకా ఎదుటివాడు ఊరకే నిలబడి ఉంటాడు. ఎంతసేపైనా ఆగుతాడు. ఆ రోజుల్లో నన్ను తొందరపెట్టనిది అదొక్కటే.

చూడబోతే ఆట చాలా చిన్నది. దాటడానికి వారాలు పట్టిందనుకున్న అడవి నాలుగు అడుగులంత ఉంది. నసముసలాయన మాటలు అక్క లేనప్పుడు ఒట్టి గీతలు. నేను కొంచెం నిరాశపడ్డాను. అక్కకు ఆ మాట చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోకుండా నిలిచింది. వంతెన దాటాం, సముద్రం దాకా వచ్చాం. "జర ఆగు, పండుకో" అని అక్క అంటూనే ఉంది. నేను వినలేదు. తర్వాత రెండు రోజులు చెంచా కూడా ఎత్తలేకపోయాను. జబ్బు తిరగబెట్టిందని అమ్మ ఏడ్చింది. ఫిజియో ఆయన వచ్చి చూసి కోప్పడ్డాడు. "తిరగబెట్టలేదు, అలసిపోయినవ్. మామూలు అలసట కాదిది. నరాల అలసట. ఒళ్లు చెప్పే లోపలనే నువ్వు ఆగాలె."

అదే వారం బావ వచ్చాడు. మా ఎదురుగా కూర్చున్నాడు. అక్కతో అన్నాడు. "చేన్ల పల్లికాయ పీకుడు పడ్డది హుసేనా. మా అమ్మ ఒక్కదాంతోని అయితలేదు. నిన్ను రమ్మని నేనే అంటున్న, ఆమె అనలే."

అక్క నన్ను చూసింది. "దీనికి తినిపియ్యాలె గద."

"నేనే తింట," అన్నాను. చెంచా పిడికి గుడ్డ చుట్టించుకుని, రెండు చేతులతో పట్టుకుని నోటి దాకా తెచ్చాను. సగం అన్నం ఒళ్లో పడింది. మిగిలింది మింగాను. అక్క నా ఒళ్లో పడ్డ మెతుకులు ఏరింది, తలెత్తలేదు.

"ఫికర్ చెయ్యకు. ఆ పడవ దొరికితే చెప్పు," అంది బస్సుకు పోయే ముందు.

పడవ దొరకలేదు. ఆమె పోయాక ఒక్కదాన్నే చాలాసార్లు మొదటి ఊరి నుంచి బయలుదేరాను. మెల్లమెల్లగా ఒక చేత్తో నొక్కడం వచ్చింది. గోడ పట్టుకుని నిలబడటం వచ్చింది. ఒకరోజు ఆట పెట్టడం మరిచిపోయాను, సాయంత్రం గుర్తొచ్చింది. ఆ రోజు పొద్దున నేను కర్ర పట్టుకుని వీధి చివరిదాకా పోయి వచ్చాను.

ఇప్పుడు మళ్లీ బడికి పోతున్నాను. కుర్చీలో కూర్చునే పాఠం చెబుతాను. అరికాళ్లు సాయంత్రానికి మొద్దుబారుతాయి. మెట్లెక్కేటప్పుడు పక్కన గోడ కావాలి. చూసేవాళ్లకు నేను బాగైపోయినదాన్ని. "ఇంకేం, మంచిగున్నవ్ గద" అంటారు. అవునంటాను. వివరించే ఓపిక లేక అంటాను. డాక్టరమ్మ చెప్పింది, ఈ అలసట ఏళ్ల తరబడి ఉండొచ్చని. దాంతో పోట్లాడటం మానేశాను.

జీబీఎస్ నుంచి లేస్తున్నవాళ్లకు, వాళ్లను చూసుకునేవాళ్లకు ఒక్కటే చెబుతాను. అలసిపోయాక కూర్చోకండి, అలసిపోకముందే కూర్చోండి. ఇంకో రెండడుగులు వెయ్యగలను అనిపించినప్పుడే ఆగండి. ఆ రెండడుగులూ రేపటికి ఉంటాయి.