మత్తు డాక్టరు క్యారియర్

నా ఆటో పాతది. స్టార్ట్ చేయాలంటే సీటు పక్కనున్న లివరు పట్టుకుని గట్టిగా లాగాలి. హెర్నియా వచ్చాక, ఆ లివరు లాగినప్పుడల్లా బండి కంటే ముందు నా పొత్తికడుపు స్టార్టయ్యేది. గజ్జల దగ్గర నిమ్మకాయంత ఉబ్బు తొంగిచూసేది. రెండు నెలల్లో అది బత్తాయి అయింది. పేగు అందులో బిగుసుకుంటే ప్రాణానికే ముప్పు, ఆపరేషన్ తప్పదన్నారు. అప్పటినుంచి లివరు లాగే ఉద్యోగం మా ఆవిడది. నా పక్కన ఇరుక్కుని కూర్చుని, చీర కొంగు దోపుకుని, ఒక్క గుంజు గుంజేది. రాచర్ల, గిద్దలూరు మధ్య తిరిగే ఆటోల్లో ఇద్దరు పైలట్లున్నది మాదొక్కటే.

అయిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. బడిలో ఏ పరీక్షా పాసవలేదు గానీ, పెద్దయ్యాక రక్తపరీక్షలో మాత్రం పాజిటివ్ వచ్చింది. ఎనిమిదేళ్లుగా మార్కాపురం పోయి హెచ్ఐవీ మాత్రలు తెచ్చుకుంటున్నాను. ఒక్క పూట మానలేదు. మా ఆవిడకు లేదు. ఆ వైరసు కూడా నీకు భయపడిందే అంటే, లివరు మీదున్న చెయ్యి నా వీపు మీదికి వస్తుంది.

ఆపరేషన్‌కు పోయింది ఏ ఆసుపత్రో చెప్పను. రేపు అపెండిక్సు వస్తే మళ్లీ అక్కడికే పోవాలి.

మొదటి శుక్రవారం, ముందురోజు నుంచి కడుపు మాడ్చుకుని పోతే, మత్తు డాక్టరు రాలేదు, వచ్చే వారం రమ్మంది సిస్టరు. రెండో శుక్రవారమూ అదే మాట. ఆరోజు నా పక్క బెంచీ మీద కూర్చున్న గొర్రెలు మేపే దర్శి ఆయనకు మాత్రం మధ్యాహ్నానికల్లా ఆపరేషన్ అయిపోయింది. పాపం, మత్తు లేకుండానే కోశారేమో అనుకున్నాను. ఆయన చీటీ తెల్లగా ఉంది. నా చీటీ మీద, రక్తపరీక్ష కాయితం చూసినరోజే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు, మందలో వేరుచేసిన గొర్రెకు రంగు పూసినట్టు.

మా ఆవిడ దారిపొడుగునా మాట్లాడలేదు. నాకు బత్తాయి కంటే అదే ఎక్కువ భయమేసింది.

మూడో శుక్రవారం టౌనుకు చేరేసరికి బస్టాండు దగ్గర నీలం చొక్కా ఆయనొకడు చెయ్యెత్తాడు. ఆసుపత్రికి పోవాలన్నాడు. మేమూ అక్కడికే, ఎక్కమన్నాను. ఊరుకోలేక, సారు ఏం పని చేస్తారని అడిగాను.

"మత్తిస్తా."

"మా ఊర్లో బ్రాందీ షాపాయన పనీ అదే సార్. ఇచ్చేది బాగానే ఇస్తాడు. లేపేదే ఆయన చేతుల్లో లేదు."

ఆయన పడీపడీ నవ్వాడు. "నేను లేపుతా కూడా," అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు, బండిలో ఎవరున్నారో. మా ఆవిడ నా తొడ గిల్లింది. నోరు మూసుకుని గేటు దగ్గర దింపాను. నా నోటికి అదొక రికార్డు. బండి పక్కకు పెట్టి చూస్తే, వెనక సీటులో ఆయన టిఫిన్ క్యారియరు.

దాన్ని పట్టుకుని లోపలికి పోయాను. సిస్టరు తల ఎత్తకుండానే చెప్పింది. "మత్తు డాక్టరు రాలేదన్నా. వచ్చే వారం రా."

"అట్లనా అక్కా? మరి ఈ క్యారియరు ఎవరిది? ఇప్పుడే నేనే గేటు కాడ దింపినా."

సిస్టరు క్యారియరు వంక చూసింది, తర్వాత సర్జన్ గది తలుపు వంక చూసింది. ఆమె తప్పేమీ లేదు పాపం, చెప్పమన్న మాట చెప్పింది. ఇంతలో ఆ సారే క్యారియరు వెతుక్కుంటూ బయటికి వచ్చాడు. నాకేం ఆపరేషనని అడిగాడు.

నవ్వించే మాటలు నాలుగు నోటిదాకా వచ్చాయి. మింగేశాను. "హెర్నియా సార్. నాకు హెచ్ఐవీ ఉంది. అందుకని నన్ను కొయ్యడం ఇష్టంలేదని మొహాన చెప్పలేక, మూడు వారాలుగా మీరు రాలేదంటున్నారు."

బెంచీల మీదున్నవాళ్లంతా మావైపు తిరిగారు. ఆయన ముఖం ఎర్రబడింది. సర్జన్ గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. గ్లౌజులూ జాగ్రత్తలూ ఏ రోగికైనా ఒకటేనని, తన పేరు చెప్పి ఇంకెవర్నీ వెనక్కి పంపొద్దని ఆయన అంటుంటే బయటికే వినబడింది. వచ్చే శుక్రవారం మొదటి ఆపరేషన్ నాదే అని రాయించుకుని మరీ వచ్చాడు.

వచ్చి నా పక్కనే బెంచీ మీద కూర్చుని క్యారియరు విప్పాడు. పులిహోర. "ఈరోజు లేదు కదా, ఆకలితో ఎందుకు? పట్టు," అంటూ మూత నిండా నాకు పెట్టి, మిగిలింది తను తిన్నాడు. ఎవరో చూస్తున్నారని కూడా చూసుకోలేదు. ఆ పులిహోరలో ఉప్పు తక్కువ. చెప్పలేదు.

అన్నట్టే మరుసటి శుక్రవారం నడుములో సూది పొడిచాడు. నడుము కింద అంతా మొద్దుబారింది గానీ, నోరు పైనుంది కదా, అది పనిచేస్తూనే ఉంది. నేను చెప్పేదానికి సర్జనుకూ నవ్వొచ్చి, చెయ్యి కదులుతోంది, కాసేపు ఊరుకోమని బతిమాలాడు.

మూడు నెలలు బరువు ఎత్తొద్దన్నారు. ఆ మూడు నెలలూ ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు లివరు నేనే లాగొచ్చు. మా ఆవిడే ఇవ్వడం లేదు.

"నువ్వు పక్కకు జరుగయ్యా," అంటుంది, కొంగు దోపుకుంటూ.